సుందరరాజు నింపిన పదకొండు ఫారాలు

“ఎవులే మిమ్మల్ని ఒప్పుకోమన్నారు? సెప్పు! ఆపీసులో అందరి ముందూ నా మొకం మాడిపోయింది.”

“అరవకు. లోపల సూదులు గుచ్చుకోని పడుకున్నోలున్నారు. నానేటి ఒప్పుకున్నాను? నాను సంతకం ఎట్టింది సాయం కాయితం మీద.”

“సాయమా? ఏ సాయం? నీ పేరు సదివినారు అక్కడ. కోగిలవాణి, సెతుజు. నీ ఒక్కదానిదే కాదు లా, మీ పదకొండుమందిదీ సెతుజే!”

“సెతుజు అంటే ఒప్పుకోలనీసి నాకూ తెల్సు. నాకు మలాయి నేర్పకు. ఒప్పుకోలేదంటే ఇనవేటి?”

గొడవ అద్దాల తలుపు దగ్గర జరుగుతోంది. సుందరరాజు తెరకు ఇవతల వాలుకుర్చీలో ఉన్నాడు. ఎడమ చేతిలో రెండు సూదులు, పక్కన యంత్రం, దాని గొట్టాల్లో తిరుగుతున్న తన రక్తం. ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు ఉంది. లేవడానికి లేదు, పక్కకు ఒత్తిగిలడానికి లేదు, చెవులు మూసుకుందామంటే ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే.

గొంతులు రెండూ తెలిసినవే. మాట చివర మలాయివాళ్ళ లాగ ‘లా’ తగిలించే మగగొంతు రవీంద్రన్‌ది. డయాలిసిస్ సెంటర్ పక్క గదిలో మోటార్‌సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆడగొంతు కోగిలవాణిది. సుందరరాజుకు ఎదురుకుర్చీ పేషెంటు, నలభై ఒక్కేళ్ళ మనిషి. ఆ వేళ బస్సు ఆలస్యమై ఇంకా కుర్చీ ఎక్కలేదు.

“సరే. నాను తెచ్చింది సాయం కాయితాలు కాదు. మరి ఆ సాయం కాయితం నీకు ఎవులు రాసిచ్చినారు?” అన్నాడు రవీంద్రన్.

కోగిలవాణి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కాస్త ఆలస్యంలోనే సుందరరాజుకు మొత్తం అర్థమైపోయింది. ఒళ్ళు చల్లబడింది. యంత్రం మీద రక్తపోటు అంకె పడిపోయి గంట మోగితే, నర్సు నటాలీ పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళ కింద దిండు పెట్టింది.

“ఎవులు రాస్తే నీకేటి?” అంది తలుపు దగ్గర కోగిలవాణి. “ఎల్లి నీ బైకులు సూస్కో.”

ఆ పదకొండు ఫారాలూ రాసింది సుందరరాజే.

ఆ సెంటర్ మలాయి దేశంలో, బంటింగ్ ఊరి చివర తామాన్ సెరి దాహన్ అనే కాలనీలో ఉంది. కాలనీ నడుమ పాత షాపుల వరస ఒకటి. రెండంతస్తులు, పద్నాలుగు గదులు. సగం గదుల షట్టర్లు ఏళ్ళ తరబడి దిగే ఉన్నాయి. ఇనప సామాన్ల కొట్టు, రొట్టెల కొట్టు, రవీంద్రన్ వర్క్‌షాపు, నాలుగు గదులు కలిపిన పదహారు యంత్రాల డయాలిసిస్ సెంటర్. మిగిలింది ఇంతే. ఒక కంపెనీ ఆ వరసంతా కొని, కూలగొట్టి, ముప్పై మూడు అంతస్తుల ఫ్లాట్ల టవర్లు నాలుగు లేపుతానంది. ఊరి ప్లానులో ఆ జాగాలో రెండంతస్తుల షాపులు తప్ప మరేమీ కట్టకూడదని ఉంది. ఆ రాత కొట్టేసి కొత్త రాత రాయాలి. కొట్టెయ్యడానికి ముందు జనాన్ని అడగాలి. అందుకని ప్లాన్ ఆఫీసువాళ్ళు ఒక ఫారం అచ్చేసి, ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నామని, వద్దనేవాళ్ళు వద్దని రాసివ్వండి, ఫలానా శుక్రవారం గడువు అన్నారు.

ఫ్లాట్లు కట్టడం పాపమేమీ కాదు. బంటింగ్‌లో ఇల్లు దొరక్క హాల్లో చాప పరుచుకుని పడుకునే కొత్త జంటలు ఎందరో ఉన్నారు. పక్క పక్కనే రెండు షట్టర్లు మూసి ఉన్న చోట రెండొందల కుటుంబాలు బతకొచ్చంటే కాదనడానికి నోరు రాదు. కాకపోతే కొత్త టవర్ల కింది అంతస్తులో కార్లకు చోటుంది, సూపర్ మార్కెట్‌కు చోటుంది, పదహారు యంత్రాలకు లేదు. వాటి నీళ్ళ ట్యాంకులకు, మురుగు గొట్టాలకు లేదు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఎక్కడికి పోతారన్న సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు.

ఫారాలు తెచ్చింది రవీంద్రనే. ఒక సోమవారం పొద్దున, బయట బండి ఇంజిను ఆపకుండానే, హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చి, సుందరరాజు పొట్ట మీద ఒక కట్ట పడేసి, “అన్నా, బంతాన్ ఫారాలు లా! సుక్కురోరం ఆకరు. నీ సెయ్యి మంచిది గదా, మనోలందరికీ రాసీ!” అని అరిచి వెళ్ళిపోయాడు.

మలాయిలో బంతహాన్ అంటే అభ్యంతరం. బంతువాన్ అంటే సాయం. బళ్ళో చదువుకున్న పిల్లలకు రెంటికీ ఏ పోలికా లేదు. కానీ శ్రీకాకుళం దిక్కు నుంచి ముత్తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్ళ నోళ్ళు హకారాన్ని మింగేస్తాయి. సింహాచలాన్ని సిమ్మాచలం చేసిన నోళ్ళవి. రవీంద్రన్ నోట్లో ఆ మాట బంతాన్ అయింది. హెల్మెట్ లోంచి, బండి చప్పుడు మీదుగా వచ్చి సుందరరాజు చెవిలో బంతువాన్‌గా దిగింది. కిడ్నీలు పోయినవాడి చెవి అది. మందుల బంతువాన్, బస్సు బంతువాన్, బియ్యం బంతువాన్ అని తొమ్మిదేళ్ళుగా ఆ మాటే వింటున్న చెవి. వేరే మాట ఎందుకు వినబడుతుంది?

చెవి మోసం చేస్తే కళ్ళు పట్టుకోవాలి. ఆ కళ్ళే లేవు. పంచదార జబ్బు ఎడమ కంటిని మొత్తంగా తినేసింది, కుడికంటిని సగం తిన్నది. నల్లటి గీతలు, గడులు కనబడతాయి. సన్న అక్షరాలు చీమల బారులా కదిలిపోతాయి. పైన ఏం రాసుందో చదివిపెట్టమని నటాలీని అడగొచ్చు. అడగలేదు. అడిగితే రాతగాడికి చూపు పోయిందని తెలిసిపోతుంది. రెండేళ్ళుగా ఆ సంగతి దాచుకుని నెట్టుకొస్తున్నాడు. ఆయన తప్పు అక్కడుంది. రవీంద్రన్ హెల్మెట్‌లో లేదు, ఆఫీసువాళ్ళ అచ్చులో లేదు.

రాయడం అనేది సుందరరాజుకు పని కాదు, పరువు. సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టాడు. నాన్న కాయలు ఒలిచేవాడు, అమ్మ పీచు డొక్కలు ఏరేది. ఎస్టేట్ ఆఫీసులో లెక్కలు రాసే కెరాణి ఒకాయన, పదమూడేళ్ళ సుందరరాజు పలక చూసి, ఆఫీసుకు పిలిచి, చేతిలో స్కేలు పెట్టాడు. “అక్షరాలు స్కేలు మీద నిలబెట్టు. తప్పతాగినోడిలాగ తూలకూడదు” అన్నాడు. అప్పట్నుంచి సుందరరాజు ఏది రాసినా కింద స్కేలు పెట్టే రాశాడు. ఆయన అక్షరాల అడుగులు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. వాటి కిందకు ఏ తోకా దిగదు.

ఎస్టేట్‌లో సగం మందికి పుట్టిన కాగితాల్లేవు. అక్కడే పుట్టి అక్కడే ముసలైపోయినా చేతిలో ఎర్ర కార్డే ఉండేది, అంటే ఈ దేశపు మనిషి కాదని అర్థం. నీలం కార్డు రావాలంటే ఫారాల మీద ఫారాలు రాయాలి. అవన్నీ సుందరరాజు రాశాడు. నలభై మూడు మందికి నీలం కార్డులు తెప్పించాడు. ఎర్రమ్మ అనే ముసలావిడ కోసం నాలుగేళ్ళలో ఏడు ఫారాలు పెట్టాడు. కార్డు వచ్చిన రోజు ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని, “ఇందులో ఉన్నది నానేనేటి?” అని అడిగింది. “నువ్వే పిన్నీ. ఇంక నిన్ను పొమ్మనడానికి ఎవులికీ అక్కు లేదు” అన్నాడు. ఆ మాట ఆయన బతుకులో అన్న పెద్ద మాట. తర్వాత ఎస్టేట్ అమ్ముడుపోయింది. ఎవరికి దొరికిన చోటికి వాళ్ళు పోయారు. సుందరరాజు పెళ్ళాం విక్టోరియాను వెంటబెట్టుకుని బంటింగ్ వచ్చి, చేతి తొడుగులు చేసే ఫ్యాక్టరీలో స్టోరు చూసుకునే పనిలో ఇరవై ఆరేళ్ళు గడిపాడు. అక్కడా ఫారాలే. ప్రార్థనకు వెళ్ళిన చోటా ఎవరో ఒకరు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. చివరికి డయాలిసిస్ కుర్చీలోకి వచ్చిపడ్డాక కూడా, ఎడమ చేతిలో సూదులుంటే కుడిచేత్తో పొట్ట మీద అట్ట పెట్టుకుని రాసేవాడు.

ఆ పదకొండూ అలాగే రాశాడు. సెంటర్లో పొద్దుటి బ్యాచిలో పదహారు మంది. మలాయివాళ్ళు, చీనావాళ్ళు ఐదుగురు తమవి తాము చదువుకుని వద్దని రాసిచ్చారు. ఎస్టేట్లలో పుట్టి బడి మధ్యలో మానేసినవాళ్ళు పది మంది, తనతో కలిపి పదకొండు. సాయం ఫారాలన్నీ ఒకే పోత పోసినట్టుంటాయి. పైన పేరు, కార్డు నంబరు, చిరునామా. మధ్యలో కారణం. అడుగున రెండు గడులు, వాటిలో మొదటిది ‘పైన రాసినదానికి ఒప్పుకుంటున్నాను’ అనేది. సుందరరాజు చూడకుండా నింపగలడు. నిజంగానే చూడకుండా నింపాడు. కారణం గడిలో ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా, మనసు పెట్టి రాశాడు. కోగిలవాణికి, ‘నాకు రెండు కిడ్నీలూ లేవు. అమ్మ మంచం మీద ఉంది. నేను తప్ప దిక్కు లేదు. దయ ఉంచండి’ అని. అడుగున మొదటి గడిలో టిక్కు పెట్టాడు. పదకొండుసార్లు పెట్టాడు.

ఆ కవరు పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది ఆయన మేనల్లుడు కాలేబ్. ఇరవై ఆరేళ్ళవాడు. కాలేజీ రెండో ఏడాదిలో వదిలేసి, మోటార్‌సైకిల్ మీద పార్శిళ్ళు వేస్తుంటాడు. ఒక్కచోట కూర్చోలేడు, ఒక్క మాట కడుపులో దాచుకోలేడు.

ఇప్పుడు ఆ పొద్దుటికి వద్దాం. గొడవ అయ్యాక కోగిలవాణి వచ్చి ఎదురుకుర్చీలో కూర్చుంది. చెయ్యి చాచి సూదులు గుచ్చనిచ్చింది.

“అన్నా,” అంది ఆమె, “ఇయ్యాల నీ పంచదార ఎంతుంది?”

“పద్నాలుగు. కూసింత ఎక్కువే.”

“దొంగతనంగా కాపీ తాగినావు. వదినకి సెప్తాను ఉండు.”

సూదులు తీశాక సుందరరాజు బయట అరుగు మీద కూర్చుని కాలేబ్‌కు ఫోన్ చేశాడు.

“నువ్వు కవరు ఇచ్చినప్పుడు కౌంటర్లో పిల్ల ఏటందిరా?”

“బంతహానా అని అడిగింది. అవునన్నాను. సీలేసి ఇచ్చింది.”

“బంతహాన్ అందా? నాకెందుకు సెప్పలేదు?”

“నీకు తెల్సు లే అనుకున్నాను మావా. రాసినోడివి నువ్వు గదా!”

“నాకేటి తెల్సురా,” అన్నాడు సుందరరాజు. “నాకు కళ్ళు అవుపడవు.”

ఆ మాట ఆయన నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు.

మర్నాడు కాలేబ్ స్నేహితుడి కారు అడిగి తెచ్చి మామను ఆఫీసుకు తీసుకెళ్ళాడు. కౌంటర్లో తలకు గుడ్డ చుట్టుకున్న పడుచుపిల్ల. మర్యాదస్తురాలు. ఫైలు తెచ్చి తెరవగానే ఆమె మొహం విప్పారింది.

“ఇవి మీరు రాసినవా అంకుల్? ఎంత బాగున్నాయో. మేమంతా ఒకళ్ళకొకళ్ళం చూపించుకున్నాం.”

“సదువు,” అన్నాడు సుందరరాజు కాలేబ్‌తో.

కాలేబ్ చదివాడు. పైన పెద్ద అక్షరాల్లో ప్లాను మార్పు మీద అభ్యంతరాల ఫారం అని ఉంది. అడుగున మొదటి గడి: ఈ మార్పుకు నేను ఒప్పుకుంటున్నాను. రెండో గడి: ఒప్పుకోను. మధ్యలో: ఒప్పుకోవడానికి లేదా ఒప్పుకోకపోవడానికి కారణం. దాని కింద చదునైన అక్షరాల్లో, ‘నాకు రెండు కిడ్నీలూ లేవు. దయ ఉంచండి.’

“సాలు, ఆపు,” అన్నాడు సుందరరాజు.

మార్చడానికి వీల్లేదని ఆ పిల్ల చెప్పింది. గడువు దాటింది, వద్దన్నవాళ్ళను పిలిచి చేసే విచారణ అయిపోయింది, ఒప్పుకున్నవాళ్ళను విచారణకు పిలవనక్కరలేదు కాబట్టి పిలవలేదు, నివేదిక పైకి వెళ్ళిపోయింది. కావాలంటే ఒక ఉత్తరం రాసిస్తే ఫైల్లో పెడతానంది. లెక్క మాత్రం మారదు.

“రాస్తాను. కాయితం ఇయ్యమ్మా.”

తెల్ల కాగితం ఇచ్చింది. ఆయన జేబులోంచి స్కేలు తీసి అడుగున పెట్టి రాయడం మొదలెట్టాడు. తెల్ల కాగితం మీద గడులుండవు. నల్ల గీతలుండవు. మొదటి వరస రాశాడు. రెండో వరస సరిగ్గా దాని మీదే రాశాడు. మూడోదీ దాని మీదే. కాలేబ్ చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్లే కౌంటర్ మీదుగా చెయ్యి చాచి, ఆయన వేళ్ళ మధ్యనుంచి పెన్ను మెల్లిగా తీసుకుంది.

“మీరు చెప్పండి అంకుల్. నేను రాస్తాను.”

ఆయన చెప్పాడు, ఆమె రాసింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించింది. అరవై రెండేళ్ళ సుందరరాజు, నలభై మూడు నీలం కార్డుల సుందరరాజు, వేరొకరు రాసిన కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చాడు. కారెక్కాక స్కేలును రెండుగా విరిచి కిటికీలోంచి పారేశాడు.

“మావా,” అన్నాడు కాలేబ్ కొంత దూరం పోయాక, “నాను ఒకటి సెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ టవర్లలో ఒక ఫ్లాటుకి నాను కూడా పేరు రాసుకున్నాను. పెళ్ళి సేస్కుంటే ఎక్కడుండమంటావు? అమ్మతో ఒక్క గదిలోనా?”

“రాస్కో రా. మంచిదే. నువ్వు రాస్కుంటే ఏటి తప్పు?” అన్నాడు సుందరరాజు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. “ఇల్లూ కావాల, కుర్చీలూ కావాల. ఒకటి కడతన్నప్పుడు రెండోది ఎక్కడెట్టాలో ఎవుడో ఒకడు అడగాల గదా. అడిగే కాయితం నా సేతికే వచ్చింది.”

బుధవారం సెంటర్లో ఆయన కుర్చీ ఎక్కలేదు. నడుమ నిలబడ్డాడు. అందరికీ సూదులు గుచ్చేదాకా ఆగాడు. లేచి తనను కొట్టాలనుకున్నా ఎవరూ లేవలేరన్న సంగతి తర్వాత గానీ తోచలేదు. ఫారాల సంగతి, గడి సంగతి, చూపు సంగతి మూడూ చెప్పేశాడు.

కాలు తీసేసిన యోగేశ్వరన్ అనే ముసలాయన ముందుగా మాట్లాడాడు. “పోనీ లే తమ్ముడూ. మనం వద్దన్నా ఆలు కట్టక మానతారేటి?”

తర్వాత్తర్వాత అందరూ అన్నది ఇదే. పదకొండు కాగితాలతో టవర్లు ఆగిపోతాయా అని. ఆగేవి కావేమో. ఎవరికి తెలుసు? ఆ మాట సుందరరాజుకు ఎందుకూ పనికిరాలేదు. ఆగకపోయినా వద్దన్నామని ఉండేది. ఇప్పుడు ఒప్పుకున్నామని ఉంది, కారణంతో సహా, అందమైన చేతిరాతలో.

“నీకు సూపు లేదనీసి మాకు తెల్సు అన్నా,” అంది కోగిలవాణి.

ఆయన అటు తిరిగాడు.

“రెండేల్లయింది. పెన్ను మూత ఎట్టడానికి నువ్వు తడుముకుంటావు. నీ కాపీ గ్లాసు అనీసి పక్కోలది తాగేస్తావు. అందరికీ తెల్సు. నటాలీకీ తెల్సు.”

“తెల్సి నా సేత రాయించినారా? తెల్సి సంతకం ఎట్టినారా?”

“మరేటి సెయ్యమంటావు? నువ్వు రాస్తానని కాయితం లాక్కుంటావు. రాసినంత సేపు నీ మొకం సూడాల. నాలుగ్గంటలు ఈ కుర్చీలో నీకు నొప్పి తెలీదు. వొద్దు అన్నా, నాను రాసుకుంటాను అని ఏ నోటితో సెప్పమంటావు?”

సుందరరాజు కుర్చీలోకి కూలబడ్డాడు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నది ఆయన ఒక్కడే కాదు. పది మంది కలిసి కాపాడారు. చదవకుండా, నోరెత్తకుండా, ప్రేమగా సంతకాలు పెట్టి. నటాలీ వచ్చి సూది గుచ్చబోతే, “కొంచెం ఆగమ్మా” అన్నాడు. ఏడ్చేటప్పుడు చెయ్యి కదులుతుంది. కదిలితే నరం తప్పుతుంది.

ప్లాను మారింది. ఆరో నెలలో షాపుల వరస ముందు రేకుల కంచె వేయడం మొదలైంది. రవీంద్రన్ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. సెంటర్ నడిపే సంస్థవాళ్ళు యంత్రాలను క్లాంగ్ పట్నంలో తమకున్న ఇంకో చోటికి తీసుకుపోతున్నారు. పేషెంట్లు అక్కడికే రావాలి. బంటింగ్ ఆస్పత్రిలో ఖాళీ కుర్చీలు రెండే ఉన్నాయి. అవి అందరికంటే పాత పేషెంట్లకు. మొదటిది సుందరరాజుకు, రెండోది యోగేశ్వరన్‌కు.

ఆ జాబితా చదివిన రోజున కోగిలవాణి నటాలీతో నెమ్మదిగా అంది, “సిస్టర్, నాను వారానికి ఒక్కసారే వస్తాను. రెండు బస్సులు మారాల. తిరిగొచ్చేసరికి మద్దేనం మూడవుద్ది. మా అమ్మకి అన్నం ఎవులు ఎడతారు?”

ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ వారానికి మూడుసార్లకు బదులు ఒక్కసారి అంటే ఏమిటో తెలుసు. అలా ఎవరూ ఎన్నో నెలలు బతకరు. నటాలీ జాబితా మడిచి జేబులో పెట్టుకుంది, మళ్ళీ తీసింది, మళ్ళీ మడిచింది.

సుందరరాజు ఆ పూటే నటాలీని అడిగాడు. తన కుర్చీ కోగిలవాణికి ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చట. ఆయన సంతకం పెడితే చాలు. కానీ క్లాంగ్‌కు ఆయన్ని ఎవరో ఒకరు దించి, మళ్ళీ తీసుకురావాలి. కళ్ళు లేని మనిషిని, రక్తం కడిగాక తూలే మనిషిని, బస్సెక్కించి పంపమంటే ఆమె ఒప్పుకోదు. మనిషిని చూపిస్తేనే మారుస్తానంది.

ఇంట్లో విక్టోరియాతో చెప్పాడు. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

“నీ తప్పు నువ్వు కడుక్కుంటావు. మట్టి నాను ఎయ్యాలేటి?”

“సావనే. వారానికి మూడు రోజులు ఎల్లొస్తాను గదా.”

“నీ మాట నమ్మి పదిమంది సంతకం ఎట్టినారు. నాను ఎట్టను.”

నాలుగో రోజున ఆయన కాళ్ళకు నూనె రాస్తూ, “దేవుడు నిన్ను నాకు ఇచ్చినప్పుడు నన్ను ఒక మాట అడగాల్సింది. అడగలేదు,” అంది. ఒప్పుకున్నట్టో కాదో ఆయనకు తెలియలేదు. మళ్ళీ అడిగే ధైర్యం లేకపోయింది.

సెంటర్‌కు ఆఖరి రోజు శుక్రవారం. పనివాళ్ళు రొట్టెల కొట్టు ముందు రేకులు బిగిస్తున్నారు. కాలేబ్ మామను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, బండి దిగకుండానే ఫోన్ చూసుకుంటూ, మాటిమాటికీ యాక్సిలరేటర్ తిప్పుతున్నాడు. ఇంకా పదిహేడు పార్శిళ్ళు వేయాలి. సుందరరాజు గోడ పట్టుకుని నడిచొచ్చి, చప్పుడును బట్టి బండి దగ్గర ఆగాడు. చంకలో ఒక పాత గుడ్డ మడత ఉంది.

“బండి ఆపు. ఒక మాట ఉంది.”

“ఎక్కు మావా, దారిలో సెప్పు.”

“దారిలో ఇనపడదు. ఆపు.”

కాలేబ్ ఆపాడు.

“సోమారం, బుదారం, సుక్కురోరం,” అన్నాడు సుందరరాజు. “పొద్దున ఆరింటికి బయల్దేరాల. నన్ను క్లాంగ్‌లో దించీసి నీ పార్శిల్లు అటేపు ఏస్కో. పన్నెండుకి మల్లీ రా. కవరు నువ్వు ఇచ్చినావనీసి అడగతన్నాననుకోకు. నీ తప్పు లేదు. నాకు వేరే మనిసి లేడు, అందుకు. నువ్వు వొప్పుకుంటే నటాలీ ఈ పూటే నా కుర్చీకి కోగిలవాణి పేరు మార్చేస్తాది. లోపల కూకోని ఉంది.”

కాలేబ్ ఏదో అనబోయాడు.

“ఆగు, ఇంకా ఉంది. ఎల్లినప్పుడు నాను గట్టిగానే కూకుంటాను. వచ్చినప్పుడే కళ్ళు తిరుగుతాయి, మనిసిని ఒక పక్కకి ఒరిగిపోతాను. ఇది మీ అత్త కట్టుకునే సరోంగు గుడ్డ. పొద్దున తనే తీసి ఇచ్చింది, ఏటీ సెప్పకుండా. దీంతో నన్ను నీ నడుంకి కట్టీసుకో. ముడి ముందుకి ఎయ్యి, నీ సేతికి అందాల. నాను మాటాడ్డం మానేస్తే బండి పక్కకి తీసి ఆపు. అంతే. నన్ను కట్టుకోని తిరుగుతావేట్రా?”